పచ్చిపాల మర్యాద

విద్యార్థులు నాకు పెట్టిన పేరు 'ఆధారం సార్'. చాటుగా పెట్టుకున్న పేరే అయినా, నా చెవిన పడేంత గట్టిగానే అనుకునేవాళ్లు. నేను పైకి చిరాకు నటించేవాణ్ణి. లోపల మాత్రం మురిసిపోయేవాణ్ణి. మా తోటి ప్రొఫెసర్లలో ఒకాయనకు 'పొడి దగ్గు' అనీ, ఇంకొకాయనకు 'లేటు బండి' అనీ పేర్లున్నచోట నాకు దక్కింది చిన్న గౌరవమా?

తెలంగాణ వచ్చాక జిల్లాల్లో మెడికల్ కాలేజీలు ఒక్కొక్కటే తెరుచుకుంటున్న రోజులవి. నల్గొండ జిల్లావాణ్ణి నేను. పాలమూరు వైపు ఒక కొత్త కాలేజీలో జనరల్ మెడిసిన్ చెప్పడానికి వచ్చాను. నా భార్య నార్కట్‌పల్లి దగ్గర బళ్లో టీచరు. ఆమె ఉద్యోగం అక్కడ, నా కిరాయి ఇల్లు ఇక్కడ. ఆదివారాలు ఎవరికి ఓపికుంటే వాళ్లం బస్సెక్కేవాళ్లం. ఎక్కువసార్లు ఓపిక ఆమెకే ఉండేది.

వార్డులో నా పాఠం ఎప్పుడూ ఒకటే. వైద్యమనేది పెద్ద డాక్టరు చెప్పాడని చేసేది కాదు, మూడింటి మీద నిలబడాలి. ఒకటి, పరిశోధనల్లో తేలిన ఆధారం. రెండు, డాక్టరు అనుభవం. మూడు, రోగి చెప్పే మాట, రోగి కోరుకునే తీరు. మొదటిదాని గురించి నేను ముప్పావుగంట చెప్పేవాణ్ణి. రెండోదాని గురించి చెప్పేటప్పుడు సహజంగా నా అనుభవాలే వచ్చేవి, అవీ తక్కువేం కావు. మూడోదానికి వచ్చేసరికి భోజనాల వేళయ్యేది. అలా ఎన్నో బ్యాచ్‌లు రోగి మాట వినకుండానే నా చేతుల మీదుగా వెళ్లిపోయాయి.

'నేను చెప్పానని నమ్మొద్దు' అని కూడా ప్రతి బ్యాచ్‌కూ చెప్పేవాణ్ణి. ఎవరైనా నిజంగానే నమ్మకపోతే ఆ పూటంతా నాకు మనసు బాగుండేది కాదు.

ఆ యేటి బ్యాచ్‌లో కొత్తకోట నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. నెమ్మది మనిషి. ఒక్కో రోగి దగ్గర మిగతావాళ్లు రెండు కేసులు ముగించేంతసేపు కూర్చునేది. ఏం తిన్నవు, ఎక్కడ పన్నవు, ఇంట్లో ఇంకెవరికన్న ఇట్ల ఉందా అని వరసగా అడుగుతూనే ఉండేది. రోగం కనిపెట్టమంటే చుట్టరికం కలుపుకుంటున్నావా అమ్మా అని నేను అందరి ముందూ ఆటపట్టించేవాణ్ణి. ఆమె నవ్వి ఊరుకునేది. మర్నాడు మళ్లీ అలాగే కూర్చునేది.

ఈమధ్య వచ్చిన పద్ధతి ప్రకారం ప్రతి విద్యార్థీ ఊళ్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకోవాలి. చదువయ్యేదాకా ఆ ఇళ్లవాళ్ల ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండాలి. మా కాలేజీకి ఆత్మకూరు దగ్గర ఒక ఊరు వచ్చింది. దత్తత అన్న మాట విని అక్కడొక ముసలాయన, పొలం ఎవరిపేరు మీద చేస్తున్నరు అని అడిగాడు. మాకేమీ వద్దు, మేమే మీకు బీపీ చూస్తాం అంటే ఆయనకు మా మీద ఉన్న గౌరవం కాస్త తగ్గింది.

కొత్తకోట అమ్మాయి వంతుకు మేకలూ గొర్రెలూ కాచుకునే ఒక కుటుంబం వచ్చింది. మగవాళ్లు మందను తోలుకుని కృష్ణ ఒడ్డు వైపు పోయారు. ఇంటి దగ్గర పాలిచ్చే మేకలు కొన్ని, అత్తా, కోడలూ. కోడలికి ఇరవై దాటి ఎంతో కాలేదు. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు ఐదో నెల. మేం వెళ్లిన రోజు ఆ ఇంట్లో మాటలన్నీ ఆ కడుపు చుట్టే తిరిగాయి. ఈసారన్నా నిలవాలి. అత్త చూపంతా కోడలి మీదే ఉంది. బిందె ఎత్తనివ్వదు, ఎండలోకి పోనివ్వదు. మాకే కాదు సారూ, ఈ యేడు మా మేకలకు గూడ కడుపులు పోతున్నయ్ అని మాటల్లో ఒకసారి అంది. నేను అయ్యో అన్నట్టు తలూపాను. జాలిపడ్డం తప్ప ఆ మాటతో ఇంకేమైనా చెయ్యొచ్చని నాకు తోచలేదు.

కోడలు సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోందనీ, నడుము లాగుతోందనీ చెప్పింది. కిందటి వారమే అమ్మాయి ఆమె మూత్రం, మలేరియా పరీక్షలు చేయించింది, రెండింట్లో ఏమీ లేదు. కడుపుతో ఉన్నవాళ్లకు నడుము నొప్పి మామూలే అన్నాను. ఇంకేదన్న రక్తపరీక్ష పంపుదామా సార్ అంది అమ్మాయి. నాకు కావలసిన సందు దొరికింది. ఏ పరీక్ష, దేనికోసం, ఆధారం ఏమిటి అని ఆ మట్టి అరుగు మీదే పాఠం మొదలుపెట్టాను. అనవసరపు పరీక్షల వల్ల పేదవాళ్లకు జరిగే నష్టం గురించి చాలా బాగా చెప్పాను. మేకలు కూడా నెమరు వేయడం ఆపి విన్నాయని తర్వాత ఒక కుర్రాడు వ్యాన్‌లో అన్నాడు.

పాఠం అయ్యేసరికి అత్త అక్కడికక్కడే మేకను పిండి, నురుగు నిలిచిన స్టీలు గ్లాసు నా చేతిలో పెట్టింది. ఇంకా గోరువెచ్చగా ఉంది. గుమ్మపాలు. నిజం చెప్పాలంటే నాకు పాలంటే ప్రాణం. అయినా నేను తాగింది ప్రేమతో కాదు, సిద్ధాంతంతో. పిల్లలారా, పెట్టినదాన్ని కాదనకూడదు, రోగి సంస్కృతిని గౌరవించడం కూడా వైద్యమే అని ప్రకటించి గటగటా తాగాను. మీసానికంటిన నురుగు తుడుచుకుని, చాలా బాగున్నాయమ్మా అని ఇంకో గ్లాసు అడిగాను. విద్యార్థులకు మాత్రం చాయ్ వచ్చింది. పెద్దవాణ్ణి గనక నాకు పాలు, వాళ్లకు చాయ్. ఆ తేడా నేను గమనించాను, గర్వంగానే గమనించాను.

నెల తిరిగేసరికి నాకు జ్వరం పట్టుకుంది. సాయంత్రమైతే ఒళ్లు కాలేది, పొద్దుటికి దుప్పటి తడిసిపోయి జ్వరం దిగేది. పగలు బాగానే ఉండేవాణ్ణి, పాఠాలు చెప్పేవాణ్ణి. తర్వాత నడుము పట్టేసింది. కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవలసి వచ్చేది. నేను తొణకలేదు. జ్వరం వైరల్. నడుము నొప్పి ఫ్లోరైడ్. నల్గొండ బోరు నీళ్లు తాగి పెరిగినవాడికి యాభై దాటాక నడుము పట్టకుండా ఉంటుందా? మా ఊళ్లో వంగిపోయిన నడుములను చూస్తూ పెరిగాను, నా వంతు వచ్చిందనుకున్నాను. రెంటికీ రెండు కారణాలు దొరికాయి గనక మూడో కారణం వెతకలేదు. రక్తపరీక్ష చేయించుకోండి సార్ అన్న జూనియర్ డాక్టరును ఆధారం అడిగాను. అతను పాపం వెళ్లిపోయాడు.

వారాలు గడిచాయి. ప్యాంటు జారిపోతోంది, బెల్టుకు ఇంట్లో మేకుతో కొత్త బెజ్జం కొట్టుకున్నాను. అప్పుడు నాకు భయమేసింది. వెన్నులో టీబీ కావచ్చు, అంతకంటే చెడ్డది కావచ్చు. పొద్దంతా ఇతరుల రోగాలకు పేర్లు పెట్టేవాణ్ణి, నా రోగానికి మాత్రం పేరు పెట్టనివ్వకుండా దాచుకున్నాను. పరీక్ష వద్దన్నది ఆధారం లేక కాదు, ఏం తేలుతుందోనని వణుకు పుట్టి. అది ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం బస్సు దిగి వచ్చిన నా భార్య తలుపు దగ్గరే నన్ను చూసి నిలబడిపోయింది. హైదరాబాద్ పోదాం, ఇప్పుడే కారు మాట్లాడుతున్నానంది. ప్రభుత్వ దవాఖాన డాక్టరు కార్పొరేట్ ఆస్పత్రికి పోతే విద్యార్థులు ఏమనుకుంటారన్నాను. చచ్చిపోతే ఏమనుకుంటారో అది కూడా ఆలోచించమంది. చివరికి రాజీకొచ్చాం. సోమవారం పొద్దున లుంగీ, చొక్కాతో నా వార్డులోనే, రోజూ నేను నిలబడి పాఠం చెప్పే మంచం మీద పడుకున్నాను.

పడుకున్నా ఊరుకుంటే అది నేనెందుకవుతాను? నా బ్యాచ్‌ని పిలిపించాను. ఇదిగో కేసు, వివరాలు రాబట్టండి, మీ సార్ అని మొహమాటపడొద్దు అన్నాను. అందరూ ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. కొత్తకోట అమ్మాయిని ముందుకు పిలిచాను. నేనే రోగినైతే ఎంతసేపు కూర్చుంటుందో చూద్దామని కొంచెం కొంటెతనం కూడా ఉంది.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ఎప్పటి నుంచి, ఏ వేళకు, ఎంతసేపు అని మొదలుపెట్టింది. నేను సరిగ్గా మా రోగుల్లాగే జవాబులిచ్చాను. ఎప్పటి నుంచి అంటే ఫ్లోరైడ్ గురించి చెప్పాను. చెమటలు పడుతున్నాయా అంటే గది కిటికీ చిన్నదన్నాను. ఆమె విసుక్కోలేదు, మళ్లీ మొదటి నుంచి అడిగింది. తిండి, నిద్ర, ప్రయాణాలు అన్నీ అయ్యాయి. పశువుల దగ్గరికి పోయారా సార్ అంది. లేదన్నాను. పచ్చిపాలు ఏమైనా తాగారా అంది.

నాకు నవ్వొచ్చింది. గొర్రెలూ మేకలూ తిరిగే జిల్లాలో దీర్ఘజ్వరం వస్తే పచ్చిపాల గురించి తప్పక అడగాలి, వాటినుంచి బ్రూసెల్లా వస్తుంది, ఆ సూక్ష్మజీవి చూలు పశువుల కడుపులు పోగొడుతుంది, మనుషుల్లో జ్వరం, నడుము నొప్పి తెస్తుంది అని ప్రతి యేడూ బోర్డు మీద రాసి చెప్పేవాణ్ణి నేనే. నా ప్రశ్న నాకే వప్పజెబుతోందని ముచ్చటపడ్డాను. నేనా, పచ్చిపాలా, ఛ అన్నాను.

ఆమె రాసుకుంటున్న పెన్ను ఆపింది. మంచం చుట్టూ ఉన్నవాళ్లు ఎందుకో నేల చూపులు చూస్తున్నారు.

"మీరు తాగిండ్రు సార్. ఆత్మకూరు కాడ. రెండో గ్లాసు అడిగి మరీ తాగిండ్రు. నేను మీ పక్కనే ఉన్న."

వెనక ఎవరో దగ్గు నటించారు. నాకు ముందు సిగ్గేసింది, ఆ వెంటనే పెద్దగా నవ్వొచ్చింది, నడుము లాగి నవ్వు ఆగిపోయింది. వివరాలు దాస్తారని, మరిచిపోతారని, అబద్ధాలాడతారని రోగుల మీద నేను కేకలేసిన వార్డది. నా పక్క మంచం మీది రైతు, ఎవరి గురించి చెబుతున్నారో అర్థమై, సంతోషంగా మా వైపు తిరిగి పడుకున్నాడు.

నేను నవ్వు మొహంతోనే, శభాష్ అమ్మా, పరీక్షకు రక్తం తీయండి అన్నాను. ఆమె కదల్లేదు. మొహం పాలిపోయి ఉంది.

"ఆ అక్క గూడ తాగుతది సార్. రోజూ. బలమని వాళ్ల అత్త పొద్దుగాలొక గ్లాసు, మాపటికొక గ్లాసు ఇస్తది."

నా నవ్వు అక్కడితో పోయింది. సాయంత్రాల వెచ్చదనం, నడుము లాగడం, పోయిన రెండు కడుపులు, మేకలకు పోయిన కడుపులు. అన్నీ ఆ అరుగు మీద నా ముందు పెట్టి చెప్పారు. నేను పాలు తాగి వచ్చాను.

ఆ మధ్యాహ్నమే అమ్మాయి ఇంకొకరిని తోడు తీసుకుని ఊరికి వెళ్లింది. సాయంత్రానికి అత్తనూ కోడలినీ వెంటబెట్టుకుని దవాఖానకు వచ్చింది. కోడలికి ఏడో నెల నడుస్తోంది. మా ఇద్దరి రక్తమూ ఒకేసారి హైదరాబాదు పంపారు. ఫలితం వచ్చేదాకా నేను మగవాళ్ల వార్డులో, ఆమె కాన్పుల వార్డులో. ఇద్దరికీ సాయంత్రం అదే వేళకు జ్వరం వచ్చేది. నా జ్వరం సంగతి నేను నిజంగా మరిచిపోయాను. బిడ్డ కదులుతోందా అని అమ్మాయిని గంటగంటకూ అడిగి రమ్మని పంపేవాణ్ణి.

ఇద్దరికీ ఆ బ్రూసెల్లానే తేలింది. నాకు పేరు తెలిసిన రోగం, మందున్న రోగం. టీబీ కాదు, ఇంకోటి కాదు. నా భార్య తల మీంచి బరువు దిగినట్టు కూర్చుని, ఇన్నాళ్లూ ఫ్లోరైడ్ అని ఎవరికి చెప్పారు అని అడిగింది.

లుంగీ సర్దుకుని, గోడ పట్టుకుని కాన్పుల వార్డుకు వెళ్లాను. అత్తకు చెప్పవలసింది నేనే. పాలల్లోంచి సూక్ష్మజీవి వచ్చిందని, ఇంట్లో మిగతా ఎవరికైనా జ్వరం ఉందా అని అడిగాను. ఎవరికీ లేదంది. మిగతావాళ్లు పాలు తాగరా అన్నాను.

"మేము చాయ్ తాగుతం సారూ. పాలు పోసి మంచిగ మసలబెట్టుకుంటం. పచ్చిపాలు కడుపుతోటున్న పిల్లకు, మీ అసొంటి పెద్దోళ్లకే ఇస్తం."

అన్నాక ఆ మాట ఆమెకే అర్థమైంది. ఇంట్లో చాయ్ తాగినవాళ్లంతా బాగున్నారు. మర్యాద దక్కిన ఇద్దరికే రోగం. ఆమె తన చేతులను చూసుకుంటూ ఏడ్చింది. ఆ చేతులతో రోజూ పొద్దున్నే ముందు కోడలికే పిండి ఇచ్చింది. తప్పు నీది కాదమ్మా, చెప్పవలసినవాణ్ణి నేను, ఎదురుగా కూర్చుని చెప్పకుండా తాగినవాణ్ణి నేను అన్నాను. ఆ మాటతో ఆమెకు ఓదార్పేమీ దొరకలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుని నా మొహంలోకి చూసింది.

"కడుపు నిలుస్తదా సారూ?"

ఆధారం సార్‌ని నేను. ఈ మందులు ఇలాంటి తల్లులకు మేలు చేస్తాయని పుస్తకాలు చెబుతాయి. ఈ తల్లికి ఏమవుతుందో ఏ పుస్తకమూ చెప్పదు. తెలవదమ్మా, మందులు మొదలుపెడదాం, నేనిక్కడే ఉంటా అన్నాను. అంతకంటే తక్కువ పాఠం నా జీవితంలో ఎప్పుడూ చెప్పలేదు.

మా ఇద్దరికీ మందులు కొన్ని వేరైనా ఒక మాత్ర ఒకటే. ఆ ఎర్రమాత్ర మొదలుపెట్టిన మర్నాడు కాన్పుల వార్డులో గోల. కోడలికి మూత్రం ఎర్రగా వస్తోంది, రక్తం పోతోందని అత్త భయపడి, మాత్రలు మింగనివ్వనంటోంది. కాన్పుల మేడం చెప్పింది, నర్సులు చెప్పారు. మాత్ర రంగే అలా దిగుతుంది, రక్తం కాదు అని. ఆమె నమ్మలేదు. అమ్మాయి వచ్చి నన్ను పిలిచింది. నేను వెళ్లి మందు గుణం వివరించబోయాను. మధ్యలో ఆపేసి, ఇన్నేళ్ల వైద్యవృత్తిలో ఏ ఆడమనిషి ముందూ అనని మాట, గొంతు తగ్గించి అన్నాను. "నాక్కూడా ఎర్రగానే వస్తోందమ్మా."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. కోడలు దుప్పటి మొహం మీదికి లాక్కుని నవ్వింది. అత్త మాత్ర తీసి ఇచ్చింది. 'నేను చెప్పానని నమ్మొద్దు' అంటూ ఇన్నేళ్లు తిరిగినవాణ్ణి ఆ రోజే మొదటిసారి ఒక మనిషి ఆధారం చూసి నమ్మింది.

వారాల తరబడి మందులు మింగాం. నా జ్వరం ముందు పోయింది, నడుము ఆలస్యంగా వదిలింది. బెల్టుకు కొట్టుకున్న బెజ్జం అలాగే మిగిలింది. కోడలు నెలలు నిండేదాకా మోసింది. కాన్పు రోజు నేను ఆ వార్డు బయట బల్ల మీద కూర్చున్నాను. నాకక్కడ పనేమీ లేదని అందరికీ తెలుసు, ఎవరూ పొమ్మనలేదు. ఆడపిల్ల. అమ్మాయి బయటికొచ్చి ఏడుస్తుంది సార్ అంది. ఎవరు అన్నాను. పాప సార్ అంది. నేను కూడా ఏడుస్తున్నానని ఆమె చూసింది కానీ రాసుకోలేదు.

పాపకు కొన్ని నెలలు వచ్చాక కొత్త బ్యాచ్‌ని తీసుకుని ఆ ఊరు వెళ్లాను. పశువుల డాక్టరు వచ్చి మేకలను పరీక్షించి, కొన్నింటిని వేరు చేయించి పోయాడని చెప్పారు. పాపను నా ఒళ్లో వేశారు. నేను పాఠం మొదలుపెట్టబోతుంటే అత్త పొయ్యి దగ్గర నుంచి, ఇటు వచ్చి సూడుండ్రి సారూ అని పిలిచింది. పాపను ఎత్తుకుని వెళ్లి పొయ్యి పక్కన నిలబడ్డాను. గిన్నెలో పాలు పొంగి పైకి వచ్చేదాకా ఆమె నన్ను కదలనివ్వలేదు. పొంగినయా, మంచిగ సూసినరా అంది. చూశానన్నాను.

అవే పాలు గ్లాసుల్లో పోసి కొత్త విద్యార్థులందరికీ ఇచ్చింది. నా చేతికి మాత్రం చాయ్ వచ్చింది.

"మీకిగ పాలు లేవు సారూ. మీరు ఇంటోళ్లు."

చాయ్‌లో చక్కెర ఎక్కువైంది. పాప నా బొత్తాం పట్టుకుని లాగుతోంది. నేను తాగేసి, రెండో గ్లాసు అడిగాను.